అందరికీ ఒకటే సెలవు

సంతోషకుమారిగారు ఇంగ్లండు చూడలేదు. కెనడా వచ్చేటప్పుడు లండన్‌లో విమానం మారారు కాబట్టి, ఆ ఊళ్లో కుర్చీలు మాత్రం చూశానని చెప్పేవారు. అయినా బ్రాంప్టన్‌లో మా పేట లైబ్రరీ వెనక గదిలో శనివారం మధ్యాహ్నాలు ఆవిడ చెప్పిన పాఠాల్లో ఉన్నదంతా ఇంగ్లండే. అక్కడి పిల్లలు ఏ వయసులో ఏ బడికి పోతారు, అక్కడి పేపర్లలో పెద్దమనుషులు చదివేవి ఏవి, కబుర్లకోసం చదివేవి ఏవి, అక్కడి బ్యాంకులు ఏ సోమవారాలు మూసేస్తారు, ఇవన్నీ ఆవిడకు మా వీధి బస్సు వేళలకన్నా బాగా తెలుసు. కిటికీ అవతల కెనడా మంచు మోకాలి లోతున పడుతుంటే, ఇవతల ఆవిడ లండన్ చినుకుల గురించి చెబుతుండేవారు.

నేను పేపర్ల అర పక్కన కూర్చుని చదువుకునేవాణ్ణి. తలుపు తీసే ఉండేది కనుక పాఠం అంతా వినబడేది. కొన్నాళ్లకు వినడానికే వెళ్లడం మొదలుపెట్టాను.

ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. తండ్రి చర్చిలో ఉపదేశి. మిషను వాళ్ల బోర్డింగు బళ్లో చదువుకున్నారు. అక్కడ ఇంగ్లీషు నేర్పే పద్ధతి ఒకటే. టీచరు ఒక వాక్యం అంటుంది, తరగతంతా ఒక్క గొంతుతో అంటుంది, తప్పు పోయేదాకా అంటూనే ఉంటుంది. ఆదివారం కీర్తన ఎలా నోటికొస్తుందో సోమవారం ఇంగ్లీషూ అలాగే నోటికొచ్చేది. తర్వాత ఆవిడే ఆడపిల్లల హైస్కూల్లో టీచరమ్మై, తల నెరిసేదాకా అదే పద్ధతిలో చెప్పారు. ఆ పద్ధతిలో చదివిన పిల్లలు నర్సులయ్యారు, టీచర్లయ్యారు, గల్ఫుకీ పోయారు. అది తప్పు పద్ధతని ఆవిడకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పడానికి కారణమూ లేదు.

కూతురు టీనా ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆ అమ్మాయి స్పాన్సర్ చేస్తే భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఇక్కడ ఆవిడ బీఎడ్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఒక ఎలిమెంటరీ స్కూల్లో మధ్యాహ్నం పిల్లలు అన్నం తినేటప్పుడు కనిపెట్టుకుని ఉండే పని దొరికింది. "ఇంగ్లీషు చెప్పిన నోటితో, నాన్నా డబ్బా మూత సరిగ్గా పెట్టు, అని చెప్పడం నేర్చుకున్నానండి" అనేవారు. అందులో బాధ ఉందో వేళాకోళం ఉందో నాకు ఎప్పుడూ తేలలేదు.

పాఠాలు మొదలైంది చర్చికి వచ్చే ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ల కోసం. అవి స్టూడెంట్లు వరద కట్టిన రోజులు. మా వీధిలో ప్రతి ఇంటి బేస్‌మెంటులోనూ తెలుగు వినబడేది. కరీంనగర్ పిల్లలు, బెజవాడ పిల్లలు, కర్నూలు పిల్లలు. చదువు అయినవాళ్లందరికీ ఒకటే గండం, ఆ ఇంగ్లీషు పరీక్ష. సంతోషకుమారిగారు డబ్బు తీసుకోరని తెలిశాక గదిలో కుర్చీలు చాలకుండా పోయాయి.

ఆవిడకు ఆధారం ఒక పెద్ద బొమ్మల పుస్తకం. ఇంగ్లీషు నేర్చుకునే విదేశీయుల కోసం బ్రిటన్‌లో అచ్చయింది. లైబ్రరీ వాళ్లు పాతవి తీసేసినప్పుడు ఆవిడ కొనుక్కున్నారు. అందులో చదువు ఒక అధ్యాయం, వార్తలు ఒకటి, సెలవులు ఒకటి.

"హాఫ్ టర్మ్ అంటే మన దసరా సెలవుల్లాంటివమ్మా. కాకపోతే దసరా ఉండదు" అని చెప్పేవారు.

ఆవిడ భర్త రత్నరాజుగారు ఎయిర్‌పోర్టులో వ్యాను నడిపి రిటైరైన మనిషి. ఫ్లాస్కుతో టీ తెచ్చి, నా పక్కన కూర్చునేవారు. "మా ఆవిడ పాఠం వింటే నాకు చలేస్తదండి. బయట చలి ఒకటి, లోపల చలి ఒకటి. మనిషెక్కడికి పోవాలి?" అనేవారు.

నిఖిల ఆ గదికి వచ్చింది ఒక జనవరి శనివారం. జగిత్యాల అమ్మాయి. బక్కగా, ఎప్పుడూ నిద్రకు మొహం వాచినట్టు ఉండేది. రెండేళ్ల కాలేజీ చదువు అయిపోయి పక్క ఊరు వాన్‌లో ఒక వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ సూపర్‌వైజరుగా చేస్తోంది. వర్క్ పర్మిట్ ఆగస్టుతో ఆఖరు. అంతలోపల పీఆర్‌కి, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, పిలుపు రావాలి. పిలుపు పాయింట్లను బట్టి వస్తుంది; ఎక్కువగా బుధవారాలు తీసే ఆ జాబితాని డ్రా అంటారు. వయసునీ చదువునీ ఉద్యోగాన్నీ ఇప్పటికిప్పుడు ఎవరూ మార్చలేరు. మార్చుకోగలిగింది ఇంగ్లీషు మార్కు ఒక్కటే. మిగతా వాటిలో బాగానే వచ్చాయి, మాట్లాడే పరీక్షలో మాత్రం ఆరు దగ్గర ఆగిపోయింది. ఏడు రావాలి.

"నాకు ఇంగ్లీష్ రాదని కాదు మేడమ్. వేర్‌హౌస్‌ల రాత్రంత ఇంగ్లీషే మాట్లాడుత. పంజాబీ వాళ్లతోని, జమైకా వాళ్లతోని, అందరితోని. ఆ రూమ్‌ల ఆయన ముందట కూసుంటేనే మాట వస్తలేదు" అంది.

"ఏం అడిగారమ్మా?"

"హాలిడే గురించి చెప్పమన్నరు. నేను ఏ హాలిడేకి పోయిన మేడమ్, చెప్పనీకి?"

సంతోషకుమారిగారు నవ్వి, గదిలో అందరినీ వరసగా అడిగారు. పోయిన సెలవుకి మీరేం చేశారు? నిఖిలతో ఒకే బేస్‌మెంటులో ఉండే బెజవాడ అమ్మాయి రిషిత ముందు చెప్పింది.

"హాలిడే అంటే టైమ్ అండ్ హాఫ్ ఆంటీ, ఒకటిన్నర రెట్లు జీతం. ఆ రోజు షిఫ్ట్ దొరికితే లక్కు."

"క్రిస్మస్‌కి?"

"క్రిస్మస్ మర్నాడు జనం తిప్పి పంపే రిటర్న్స్ వస్తాయి కదాంటీ. ముందు రోజూ పనే, తర్వాత రోజూ పనే."

"మరి కెనడా డేకి?"

"ఆ రోజు మా సూపర్‌వైజర్ హాలిడేకి వెళ్లాడు" అన్నాడు వెనకనుంచి ఒక కుర్రాడు. "ఆయన డ్యూటీ కూడా నేనే చేశా."

గదంతా నవ్వింది. సంతోషకుమారిగారు నవ్వలేదు. పుస్తకం తెరిచి సెలవుల అధ్యాయం బొమ్మలు ఒక్కొక్కటే తిప్పారు. తర్వాత, "వాళ్ల పరీక్షకి వాళ్లకి తెలిసిన సెలవే చెప్పాలమ్మా. మీకు లేకపోతే నేనిస్తాను" అన్నారు.

ఆవిడ ఇచ్చిన సెలవు ఇది. ఆగస్టు నెలాఖరు సోమవారం, బ్యాంకులకు సెలవు. మేనత్త వాళ్లతో కలిసి రైల్లో బ్రైటన్ సముద్రానికి వెళ్లాం. మబ్బు పట్టింది. అత్తయ్య గుడ్డలో చుట్టి శాండ్‌విచ్‌లు తెచ్చింది. గాలికి ఇసుక లేచి వాటిమీద పడింది. చిన్న పిల్లలు ఏడుస్తుంటే, ఇసుక తింటే పళ్లు గట్టిపడతాయర్రా, అంది అత్తయ్య. అందరం నవ్వుకున్నాం. తిరుగు రైల్లో నాకు జలుబు చేసింది. అయినా ఆ రోజు మరిచిపోలేను.

ఇంగ్లీషులో అది ఇంకా అందంగా ఉండేది. ఆవిడ ఒక్కో వాక్యం అనడం, గదంతా అనడం. మూడు నాలుగు శనివారాలు తిరిగేసరికి నాకే నోటికొచ్చింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ కొద్దిగా నవ్వాలో కూడా నేర్పారు. లైబ్రరీలో పనిచేసే తెల్లావిడ ఒకసారి తలుపు దగ్గర ఆగి, ఇది చర్చిలో పాడే కోయిరా, అని నన్నడిగింది. దాదాపు అంతే, అన్నాను.

మార్చిలో పరీక్ష. నిఖిల, రిషిత ఒకే రోజుకి బుక్ చేసుకున్నారు. బస్సులో కలిసి వెళ్లొచ్చని.

ఫలితాలు వచ్చిన శనివారం ఇద్దరూ పాఠం మొదలవకముందే వచ్చి కూర్చున్నారు. రిషితకు ఆరు. నిఖిలకు అయిదున్నర. ముందు వచ్చిన ఆరులోంచి కూడా జారిపోయింది. సంతోషకుమారిగారు ఆ అంకె విని కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఏం జరిగిందో వరసగా చెప్పమ్మా."

"ముందు రిషిత పోయింది మేడమ్. దీని తర్వాత నేను. ఒక ముసలాయన, తెల్లాయన, మంచోడే. హాలిడే గురించి చెప్పమన్నడు. ఖుష్ అయిపోయిన. మొదలువెట్టిన. నేను అత్తయ్య కాడికి వచ్చేసరికి ఆయన పెన్ను కింద పెట్టిండు."

"ఎందుకు?"

"దీనికి గూడ గదే అత్తయ్య కద మేడమ్" అంది నిఖిల, రిషితను చూపించి.

రిషిత తల వంచుకుంది. "నాకూ హాలిడేనే వచ్చిందాంటీ. నేనేం చెయ్యను."

"ఇసుకా, అన్నడు. అవును సార్, మస్తు ఇసుక, అన్న. బ్రైటన్‌ల అన్ని గులకరాళ్లే, మా అమ్మమ్మ వాళ్లది ఆడనే, అన్నడు నవ్వుకుంట. ఇగ నాకు చెమటలు. రైలు ఏ స్టేషన్ల ఎక్కినవ్, అన్నడు."

"ఏం చెప్పావు?"

"యూనియన్ స్టేషన్ అన్న."

టొరంటోలో రైలెక్కి అట్లాంటిక్ మీదుగా బ్రైటన్‌లో దిగిన ఆ ప్రయాణం తల్చుకుని రత్నరాజుగారు బయటనుంచే పక్కున నవ్వేశారు. లోపల ఎవరూ నవ్వకపోయేసరికి, ఫ్లాస్కు మూత బిగించుకున్నారు.

సంతోషకుమారిగారు పుస్తకం తెరిచి బ్రైటన్ బొమ్మ చూశారు. గొడుగులు, జనం, దూరంగా నీళ్లు. కింద ఏముందో బొమ్మలో తెలియడంలేదు.

"పుస్తకంలో ఇసుక లేదమ్మా. అది నేనే వేశాను" అన్నారు నెమ్మదిగా. "మాకు పేరుపాలెం బీచి ఉంది. ఏడాదికోసారి చర్చి వాళ్లందరం లారీలో వెళ్లేవాళ్లం. మా మేనత్త అరిటాకుల్లో పులిహోర కట్టి తెచ్చేది. దానిమీదే పడింది ఇసుక. పళ్లు గట్టిపడతాయని ఆవిడే అంది."

నిఖిల ఆవిడకేసి చూసింది. "మరి గదే చెప్పియ్యకపోయిన్రా మేడమ్. పేరుపాలెం."

"లారీలో వెళ్లామని చెబితే ఆళ్లకేం అర్థమవుద్దమ్మా?"

 నిఖిల మొహంలో కోపం కూడా లేదు. ఉంటే బాగుండుననిపించింది. సంతోషకుమారిగారు ఆ రోజు పాఠం చెప్పలేదు. పిల్లలు వెళ్లిపోయాక కుర్చీలు సర్దుతూ నాతో, "నా సెలవు నాకు పనికొచ్చిందండి. ఆళ్లకి పనికి రాలేదు" అన్నారు.

ఆవిడ నాలిక్కరుచుకుని ఆగిపోయే మనిషి కాదు. మళ్లీ శనివారం పుస్తకం తేలేదు. బదులుగా ఆ రోజు పేపరు తెచ్చారు. ఇంక బట్టీ లేదు, వార్త చదువుదాం, దానిమీద ఎవరి మాటలు వాళ్లు చెప్పాలి, అన్నారు. మంచి ఆలోచనే. కానీ అది ఏ పేపరు చూసినా ఒకటే వార్త ఉన్న ఏడాది. మొదటి పేజీలో నిఖిల వయసు పిల్లలు సూట్‌కేసులతో నిలబడిన ఫోటో. స్టూడెంట్లు ఎక్కువైపోయారు, ఇళ్లు దొరకడం లేదు, అద్దెలు పెరిగాయి, ఆసుపత్రుల్లో వరసలు పెరిగాయి, ప్రభుత్వం సంఖ్య తగ్గించబోతోంది. ఆవిడ ఇంట్లో చదవకుండా తెచ్చినట్టున్నారు. నిఖిల గట్టిగా చదవడం మొదలుపెట్టాక గాని తెలియలేదు.

నిఖిల మొదటి పేరా తడబడకుండా చదివి ఆగింది. "ఈ బర్డెన్ అంటున్నది మన గురించేనా మేడమ్?"

"నీ గురించి కాదమ్మా. మొత్తం మీద."

"మొత్తం మీద అంటే మేమే కదాంటీ" అంది రిషిత.

"వేరే వార్త చదువుదాం" అంటూ ఆవిడ పేజీ తిప్పారు. లోపల పేజీలో కూడా బ్రాంప్టన్ బేస్‌మెంటు ఒకటి, అందులో వరసగా పరుపులు. ఆవిడ ఇంకో పేజీ తిప్పారు. చివరికి వాతావరణం దగ్గర ఆగారు. ఆ రోజు అందరూ వాతావరణం గురించి తమ మాటల్లో చెప్పారు.

పేపర్లతో లాభం లేదని, ఆవిడకు ఇంకో ఆలోచన వచ్చింది. అది కూడా ఆవిడకే రాగల ఆలోచన.

"నీ సెలవు నువ్వే చెప్పాలి. చెప్పాలంటే ముందు నీకో సెలవుండాలి. విక్టోరియా డేకి మనం బయటికెళ్దాం."

"ఆ రోజు షిఫ్ట్ ఉంది మేడమ్. టైమ్ అండ్ హాఫ్."

"ముందు రోజు రాత్రి చెయ్యి. ఆ రోజు వదులు."

నిఖిల చాలా సేపు ఆలోచించింది. సరే అంది.

మే నెలలో వచ్చే ఆ సోమవారం ఇంగ్లండు రాణి ఒకామె పుట్టినరోజు పేరున ఇక్కడ సెలవు. ఇంగ్లండులో ఆ రోజు సెలవే లేదు. ఆ సంగతి పుస్తకం అంతా వెతికి సంతోషకుమారిగారే కనిపెట్టి నాకు చెప్పారు. మన ఇంట్లో ఎవరిదో తద్దినం పక్కింటి వాళ్లు పెడుతున్నట్టుగా ఉంది కదండీ, అన్నారు.

ఒషావాలో సరస్సు ఒడ్డున పార్కుంది, ఇసుక కూడా ఉంది. రత్నరాజుగారు కారు తీశారు. నన్నూ రమ్మన్నారు. నిఖిలను వాన్‌లో వేర్‌హౌస్ గేటు దగ్గరే ఎక్కించుకున్నాం. రాత్రంతా పని చేసి, లైటు పడితే మెరిసే పసుప్పచ్చ కోటుతోనే వచ్చింది. కారెక్కుతూనే అందరికీ నమస్తే చెప్పి, "ఈ రోజు ఏం చెప్పాలె మేడమ్, ముందే చెప్పుండ్రి, చూసుకుంట" అంది.

"ఏం చెప్పక్కర్లేదు. చూడు అంతే."

సంతోషకుమారిగారు పులిహోర చేసి తెచ్చారు. అరిటాకులు లేవు కనుక స్టీలు డబ్బా. సరస్సు దగ్గర గాలి కోసేస్తోంది. అయినా తెల్ల పిల్లలు నీళ్ల అంచున పరుగెడుతున్నారు. ఒక కుటుంబం కుక్కకి బంతి విసురుతోంది. దూరంగా ఎవరో రాత్రికి బాణాసంచా కాల్చడానికి ఏర్పాట్లు చేస్తున్నారు. రత్నరాజుగారు మడత కుర్చీలు వేశారు. నిఖిలను ఒకదాంట్లో కూర్చోబెట్టి, సంతోషకుమారిగారు పక్కన కూర్చున్నారు. ముందే అనుకున్న ప్రశ్నలు ఆవిడ దగ్గర ఉన్నాయి. ఏం కనబడుతోంది, ఏం వినబడుతోంది, ఎవరు గుర్తొస్తున్నారు.

మొదటి ప్రశ్న ఇంగ్లీషులో అడిగారు. జవాబు రాలేదు. తిరిగి చూస్తే నిఖిల నిద్రపోయింది. తల ఒక పక్కకు వాలిపోయి, నోరు కొంచెం తెరుచుకుని, చేతులు కోటు జేబుల్లో.

"లేపవేం?" అన్నారు రత్నరాజుగారు.

"లేపుతాను" అన్నారావిడ. లేపలేదు. కాసేపటికి ఎండ నిఖిల మొహం మీదికి వచ్చింది. ఆవిడ లేచి, కుర్చీ జరిపి, తన నీడ ఆ అమ్మాయి మీద పడేలా కూర్చున్నారు. ఎండ జరిగినకొద్దీ ఆవిడా జరిగారు. గాలికి ఆవిడ ముక్కు ఎర్రబడింది. నేను నా స్వెటర్ ఇవ్వబోతే వద్దని చేత్తోనే చెప్పారు. కదిలితే ఎక్కడ మెలకువ వస్తుందో అని.

"ఇదేనే సెలవంటే. పాఠం నువ్వు నేర్చుకున్నావ్ ఇయ్యాల" అన్నారు రత్నరాజుగారు. 

నిఖిల లేచేసరికి పార్కు సగం ఖాళీ అయింది. లేచి నాలుగు వైపులా చూసి, "సారీ మేడమ్, సారీ. మొత్తం ఖరాబు చేసిన" అంది. పులిహోర తింటూ కూడా రెండుసార్లు అదే మాట. మళ్లీ ఆ రాత్రికి షిఫ్టు ఉంది. తొందరగా బయల్దేరాం.

జూన్‌లో రెండో పరీక్ష. ఈసారి వేరే ఆవిడ, నడివయసు. హాలిడే రాలేదు. నువ్వు ఏ వార్తలు చూస్తావు, ఎందుకు చూస్తావు, అని అడిగిందట. నిఖిల ఆ సంగతి మాకు తర్వాత చెప్పింది.

"నేను వేరే ఏం చూడ మేడమ్, ఒక్క ఇమ్మిగ్రేషన్ న్యూసే చూస్త, అన్న. బుధవారం డ్రా వస్తదా రాదా అని పొద్దున లేవంగనే చూస్త. అందులనే మమ్మల్ని తిడుతరు, అదే చూస్త. చూడకుంట ఉండలేను, చూస్తే అన్నం తినబుద్ధి కాదు. గిట్ల ఏదో చెప్పుకుంట పోయిన. ఆమె ఆపమనేదాకా ఆపలే. గొంతు వణికింది. గ్రామర్ అంత తప్పులే ఉంటయి."

ఏడున్నర వచ్చింది.

ఆ శనివారం రత్నరాజుగారు టిమ్ హార్టన్స్ డోనట్ల డబ్బా తెచ్చారు. రిషిత నిఖిల మెడ పట్టుకుని ఊపేసింది. సంతోషకుమారిగారు మాత్రం ఆ అమ్మాయి ఫోన్లో అంకె మళ్లీ మళ్లీ చూసి, "నేను చెప్పింది ఒక్క ముక్క కూడా చెప్పలేదు కదూ?" అని అడిగారు.

"లేదు మేడమ్."

"మంచిదయింది" అన్నారు. నిజంగానే అన్నారు.

మాకు అందరికీ అది గెలుపనిపించింది. ఏడు రావాలన్నారు, ఏడున్నర వచ్చింది. మేము ఎవరం లెక్కలోకి తీసుకోనిది ఒకటే. ఏడు వస్తే చాలన్నది నిఖిల చదువు పూర్తయ్యేనాటి మాట. ఈలోపు పిలుపుకి కావలసిన పాయింట్లు మెట్టు మెట్టుగా పైకి పోయాయి. జూలైలో బుధవారాలు వచ్చాయి, పోయాయి. ఒకసారి ఫ్రెంచి వచ్చినవాళ్లకి మాత్రమే పిలిచారు. ఒకసారి ఆసుపత్రి పనివాళ్లకి మాత్రమే. ఒకసారి అందరికీ అన్నారుగాని, ఆ అంకె నిఖిల అంకెకి అందనంత పైన ఉంది. పర్మిట్ పొడిగించే దారేమైనా ఉందా అని ఒక కన్సల్టెంటుని అడిగారు. ఆయన మర్యాదగా, లేదు, అన్నాడు. సంతోషకుమారిగారు మా పార్లమెంటు సభ్యుడి ఆఫీసుకు కూడా వెళ్లారు. అక్కడి అమ్మాయి అంతా ఓపిగ్గా విని, ఇలాంటివి మా దగ్గరికి రోజూ వస్తున్నాయి, అంది. ఆ అమ్మాయి తెలుగమ్మాయే. ఇక్కడే పుట్టింది, ఇంగ్లీషులో చెప్పింది.

ఫ్రెంచి నేర్చుకో, అన్నారు రత్నరాజుగారు ఒకసారి, ఏదో ఒకటి అనాలని. నిఖిల నవ్వింది. "రెండు వారాల్లనా అంకుల్?"

ఆగస్టు మూడో శనివారం నిఖిల ఆఖరిసారి గదికి వచ్చింది. వచ్చే గురువారానికి టికెట్. పర్మిట్ దాటిపోయి ఉండడం తనవల్ల కాదంది. పాఠం అయిపోయాక సంతోషకుమారిగారి దగ్గరికి వచ్చి, చిన్న గొంతుతో, "మేడమ్, మా డాడీతోని ఒక్కసారి మాట్లాడుతరా? నేను చెప్తే ఇంటలేడు" అంది.

నిఖిల తండ్రి లక్ష్మీరాజంగారికి జగిత్యాలలో ఎరువుల దుకాణం. అక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా ఆయన మేలుకునే ఉన్నాడు. ఫోను స్పీకర్లో పెట్టింది నిఖిల.

"నమస్తె మేడమ్. మీ గురించి పిల్ల శాన చెప్తది" అన్నాడాయన. "ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. పిల్ల ఏమన్న తప్పు చేసిందా అక్కడ?"

"అయ్యో, లేదండి. ఏ తప్పూ లేదు."

"పరీక్ష పాసైన అంటది. మస్తు మార్కులు వచ్చినయి అంటది. వాపస్ వస్తున్న అంటది. పాసైతే ఎట్ల పంపిస్తరు మేడమ్? నాకు గదే సమజైతలేదు."

సంతోషకుమారిగారు నోరు తెరిచారు. పాయింట్ల గురించి చెప్పబోయారు. కటాఫ్ పెరిగిందన్నారు. పెరగడం అంటే, అని ఆగారు. గవర్నమెంటు వాళ్లు ఈ ఏడాది, అని మళ్లీ మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లు పిల్లలకు అర్థమయ్యేలా చెప్పిన మనిషి. ఆ ముసలి తండ్రికి ఒక్క వాక్యం కూడా పూర్తి చెయ్యలేకపోయారు.

"నాకూ అర్థం కాలేదండి" అన్నారు చివరికి.

 అవతల ఎక్కడో ఒక బండి హారన్ వినబడింది.

"సరే మేడమ్" అన్నాడాయన. "మీ అసొంటి పెద్దోళ్లు తప్పు లేదంటే లేనట్టే. ఈ మాట వాళ్ల అమ్మకు ఒక్కసారి చెప్పుండ్రి. నేను చెప్తే నమ్ముతలేదు. ఊర్లె ఏదేదో అంటున్నరు."

ఫోను చేతులు మారిన చప్పుడు. నిఖిల తల్లి ఊపిరి మాత్రం వినబడింది. సంతోషకుమారిగారు ఫోనుకి దగ్గరగా వంగి, మీ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదమ్మా, బాగా చదివింది, బాగా పనిచేసింది, అన్నారు. ఆ తల్లి, "మంచిది" అంది. అంతే.

ఫోను పెట్టేశాక నిఖిల జేబులో వేసుకుంటూ, "బుధవారం డ్రా ఉండొచ్చు అంటున్నరు మేడమ్. ఫ్లైట్ గురువారం సాయంత్రం" అంది. మేము ముగ్గురం ఉన్నాం ఆ గదిలో. ఎవరికీ, ఆశ పెట్టుకోకమ్మా, అనే ధైర్యం లేదు. పెట్టుకో, అనే ధైర్యమూ లేదు.

బుధవారం డ్రా జరిగింది. నర్సులకి.

గురువారం రత్నరాజుగారి కారులోనే ఎయిర్‌పోర్టుకి వెళ్లాం. రిషితకి షిఫ్టు, రాలేకపోయింది. వాన్‌లో పనిచేసినన్నాళ్లు కొన్న వస్తువులన్నీ నిఖిల ఎవరెవరికో ఇచ్చేసిందట, ఒక సూట్‌కేసే ఉంది. లోపలికి వెళ్లేముందు నిఖిల సంతోషకుమారిగారి కాళ్లకు దండం పెట్టబోతే ఆవిడ పట్టుకుని ఆపి, ప్రార్థన చేస్తానమ్మా, అన్నారు. "చెయ్యుండ్రి మేడమ్" అంది నిఖిల. రత్నరాజుగారితో, "అంకుల్, మీ సీట్ బెల్ట్ పెట్టుకోండ్రి, మీరు మర్చిపోతరు" అంది. నాకు నమస్తే పెట్టింది. తర్వాత వరసలో నిలబడి, ముందుకు జరుగుతూ, ఒకసారి వెనక్కి చూసి, గాజు తలుపు అవతలికి వెళ్లిపోయింది.

సంతోషకుమారిగారు అక్కడే నిలబడ్డారు. వరసలో కొత్త వాళ్లు వచ్చి చేరుతున్నారు. సూట్‌కేసుల చక్రాల చప్పుడు.

"పదవే. పార్కింగుకి టైము అయిపోతది. ఇంక కనపడదు" అన్నారు రత్నరాజుగారు.

"కనపడుతోందండి" అన్నారావిడ.

నేనూ ఆవిడ చూస్తున్న వైపే చూశాను. గాజు తలుపు అవతల ఎవరూ లేరు.